వీరాస్వామి ఇంట్లో తెగకూడని పాట

మా తాత నాగయ్య గొంతు సవరించుకుంటే చాలు, సముద్రానికి అవతల విశాఖపట్నంలో పిల్లలు ఉలిక్కిపడి లేచి చేతులు కట్టుకుని నిలబడేవారు. ఓడ దిగి వచ్చినవాళ్ళు ఒట్టేసి చెప్పిన మాట ఇది. వాళ్ళెవరని మాత్రం అడగకండి. ఈ చెరుకు దీవిలో, మా ఊరు బ్రిజే వెర్దియేర్‌లో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళను ఎవరినైనా అడగండి. విశాఖపట్నం సంగతి తెలియదు గానీ, పక్క ఊరు బాన్ అక్యూయ్ దాకా వినపడేదని వాళ్ళూ ఒప్పుకుంటారు.

వారమంతా చెరుకు నరికి, సాయంత్రాలూ ఆదివారాలూ రామమందిరం పక్కన గడ్డిపాకలో ఆయన మగపిల్లలకు తెలుగు చెప్పేవాడు. అక్షరాలు కొన్ని, పద్యాలు కొన్ని, ఎక్కువగా రామభజన పాటలు. చెప్పే పద్ధతి ఒక్కటే. ఆయన ఒక ముక్క అంటాడు, పిల్లలు ఆ ముక్కే అంటారు. ఆయన అనకముందు ఎవడైనా నోరు తెరిస్తే బెత్తం లేస్తుంది. "నేనింకా అననేలేదు, నీకెట్లా తెలిసిందిరా?" అని అడుగుతాడు. దానికి సరైన జవాబు చెప్పి బెత్తం తప్పించుకున్నవాడు ఎవడూ లేడు.

ఆడపిల్లలకు పాకలో చోటు లేదు. తల్లులు పొద్దుపోయి తోటల నుంచి వచ్చేదాకా వాళ్ళంతా మా అమ్మమ్మ పాపమ్మ వంటింట్లో చేరేవారు. అమ్మమ్మకు అక్షరం రాదు. అందుకని ఏమీ నేర్పేది కాదు. పప్పు ఏరుతూనో, బియ్యం చెరుగుతూనో ఏదో ఒక పిల్ల తనకు తోచిన పాట ఎత్తుకునేది. మధ్యలో మరిచిపోతే అమ్మమ్మ చేట దించకుండానే "తరువాత?" అనేది. అంతకు మించి ఒక్క ముక్క అందించేది కాదు. ఆ పిల్ల ఆలోచించుకునేది, పక్కపిల్లతో పోట్లాడేది, అదీ కుదరకపోతే పరిగెత్తుకుంటూ వెళ్ళి పాక తడికకు చెవి ఆనించి విని వచ్చేది. ఆ పిల్లలందరిలోకీ గట్టిది చెల్లమ్మ. అంటే మా అమ్మ. ఆమె అప్పటికి ఇంకా రెండు జడల పిల్ల.

తాతకు ఈ వంటింటి చదువు నచ్చేది కాదు.

"నీ పిల్లలకు వరస లేదు పాపమ్మా. సీతకు పెళ్ళి కాకముందే రాముణ్ణి అడవికి పంపేస్తారు."

"నీ పిల్లలకు నోరే లేదు మావా. నువ్వు తుమ్మితే తుమ్ముతారు."

"చదువంటే అదే. గురువు అన్నది అనడం."

"గురువు అనలేని రోజున?"

"అట్లాంటి రోజు రాదు," అన్నాడట తాత. చెప్పింది అమ్మమ్మ కాబట్టి, ఆయన ఆ మాట అన్నప్పుడు మీసం కూడా దువ్వుకున్నాడని కలిపి చెప్పింది. మీసం సంగతి నేను నమ్మను.

పెద్ద యుద్ధానికి కొంచెం ముందు ఒక సంవత్సరం వానలు ఆగకుండా పడి, ఊరంతా జ్వరాలు వచ్చాయి. వీరాస్వామి అని ఒకాయన ఉండేవాడు. కూలి చేసి చేసి, సొంతంగా కొంచెం చెరుకు నేల సంపాదించుకున్నవాడు. ఆయనకు లేక లేక పుట్టిన కూతురు సావిత్రి. ఆ పిల్లకు జ్వరం వస్తుంది, వదులుతుంది, వదిలిందని అందరూ ఊపిరి పీల్చుకునే సరికి పళ్ళు కొట్టుకునేంత చలితో మళ్ళీ వస్తుంది. ఎస్టేటు ఆసుపత్రిలో ఇచ్చిన కినీన్ మింగించారు. పిల్ల చెవులు గింగురుమంటున్నాయని ఏడ్చింది గానీ జ్వరం పోలేదు. అప్పుడు వీరాస్వామి ఇంట్లో రామభజన చేయిస్తానని మొక్కుకున్నాడు.

భజన అంటే మామూలుగా రాత్రంతా. పిల్ల నిద్ర చెడుతుందని దీన్ని పగటి భజన చేశారు. పొద్దు పొడవగానే దీపం, పొద్దుగూకాక హారతి. నడింట్లో బియ్యం పోసి, దాని మీద ఇత్తడి దీపస్తంభం నిలబెట్టి, వత్తులు వెలిగిస్తారు. దాని చుట్టూ తాళాలు వేస్తూ తిరుగుతారు. గురువు ఒక వరస పాడితే వెనకవాళ్ళు అదే వరస పాడతారు. రాముడి పుట్టుక నుంచి పట్టాభిషేకం దాకా కథ క్రమంలో పోవాలి. అన్నిటికంటే చివర మంగళం. మంగళం ఎత్తుకున్నారంటే ఆకాశంలో పొద్దు ఎంత ఉన్నా సరే, భజన అయిపోయినట్టే, దీపం ఎత్తేయాల్సిందే. ఇక వెలుగుతున్న దీపం ముందు పాట తెగితేనా, ఎవరి పేరున మొక్కుకున్నారో ఆ మనిషికి... ఈ మాటను మా ఊళ్ళో ఎవరూ పూర్తి చేసేవారు కాదు.

వీరాస్వామి వచ్చి మా అరుగు మీద తాత కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"నాగయ్య బావా, నా పిల్ల ప్రాణం నీ గొంతులో పెడుతున్నాను."

తాత తల ఊపాడు. నోరు తెరవలేదు. ఎందుకంటే ఆయనకు కూడా జ్వరం వచ్చి అప్పుడే తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ గొంతు పట్టుకుపోయింది. పొద్దున్న కొంచెం పలికేది, మధ్యాహ్నానికి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఈ సంగతి అమ్మమ్మకు ఒక్కదానికే తెలుసు. ఊళ్ళోవాళ్ళు గురువుగారు మొక్కు కోసం మౌనం పట్టారనుకుని మరింత దండాలు పెట్టారు. దండం పెట్టినవాళ్ళందరినీ తాత దొంగను చూసినట్టు చూసేవాడట.

తను కాదంటే? ఇంకో భజన గురువు ప్లేన్ మాన్యెన్‌లో ఉన్నాడు. ఆయనే మంచం మీద ఉన్నాడని కబురు వచ్చింది. వేరే దారి లేదు. తన తరువాత పాట అందుకునేవాణ్ణి తయారు చేయాలి. తాత దగ్గర చదివేవాళ్ళలో కేశవ్ ఆణిముత్యం. ఒకసారి వింటే పొల్లుపోకుండా అనేవాడు.

తాత పాక తలుపు వేసి, ఉన్న గొంతునంతా కూడదీసుకుని, "కేశవ్, పాట నువ్వు ఎత్తుకో," అన్నాడు.

కేశవ్ చేతులు కట్టుకుని, "కేశవ్, పాట నువ్వు ఎత్తుకో," అన్నాడు. వెనక పిల్లలంతా గొంతు కలిపి అదే అన్నారు.

"అది కాదురా. నేను చెప్పకముందే నువ్వు చెప్పు."

"నేను చెప్పకముందే నువ్వు చెప్పు!" అని పాకంతా మోగిపోయింది.

తాత ఆ రోజు బెత్తం తీయలేదు. పాక వెనక్కి వెళ్ళి చెరుకు ఆకుల మీద చాలాసేపు కూర్చున్నాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా మేము నవ్వుతాం. ఆయన మాత్రం నవ్వడు. ఇన్నేళ్ళు తను పెంచిన పిల్లలు తన ముందే నిలబడి, తన మాటనే తన మీదికి విసురుతుంటే, ఇంకోపక్క ఆ జ్వరం పిల్ల మొహం కళ్ళముందు కదులుతుంటే ఎట్లా ఉంటుందో మీరే అనుకోండి.

మరునాటి నుంచి కేశవ్‌ను ఒక్కణ్ణే కూర్చోబెట్టి బతిమాలాడు. కేశవ్ నోరు తెరిచేవాడు. తాత పెదవుల వైపు చూసేవాడు. అవి కదలకపోతే వాడివీ కదిలేవి కావు. పాట వాడి లోపల మొత్తం ఉంది. కానీ తలుపుకు గడియ బయటి వైపు ఉంది.

అమ్మమ్మ అల్లం, మిరియాలు నూరి పెడుతూ అంది: "ఆడపిల్లలను కూడా తీసుకుపో మావా. వాళ్ళకు ఎత్తుకోవడం తెలుసు."

తాత గుసగుసగా అరిచాడు. గుసగుసగా అరవడం ఆయన ఒక్కడికే చేతనవును. "వాళ్ళు ఏం ఎత్తుకుంటారో నీకు తెలుసా? రాగం బాగుందని పొద్దున్న లేస్తే మంగళమే పాడతారు. అక్కడ మిట్టమధ్యాహ్నం మంగళం ఎత్తుకుంటే? నావాళ్ళు విన్నది అనేస్తారు. ఇంకేముంది, దీపం ఎత్తేయాలి. వీరాస్వామికి నేనేం చెప్పను?"

అమ్మమ్మ ఇంకొంచెం గట్టిగా మిరియాలు నూరింది. ఆమె పిల్లలు తమకు ఇష్టమైనవే నేర్చుకున్నారన్నది నిజం. ఇష్టం లేనిది ఒక్కటీ రాదు.

ఆదివారం వచ్చింది. పొద్దు పొడవగానే దీపం వెలిగించారు. సావిత్రిని పక్కగదిలో, తలుపు తీసి, దీపం కనపడేట్టు పడుకోబెట్టారు. మద్దెల వాయించేది పెద్దన్న. చేతులు రోకళ్ళలాంటివి, మాట మాత్రం మెత్తన. తాత లేచి మొదటి పాట ఎత్తుకున్నాడు. గొంతు పలికింది. పిల్లలు అందుకున్నారు. రాముడు పుట్టాడు, పెరిగాడు, విశ్వామిత్రుడి వెంట వెళ్ళాడు. తాత తక్కువ తక్కువగా పాడుతూ, గొంతును ఆరిపోయే వత్తిలా కాపాడుకుంటూ వచ్చాడు. అమ్మమ్మ వంటింట్లో పనికని ఆడపిల్లలందరినీ తీసుకువచ్చింది. "మీరు పాడకండే, జిరోమో తరగండి. మంగళం మాట అసలే వద్దు," అని గట్టిగా చెప్పి పెట్టింది. జిరోమో అంటే ఇక్కడి గుమ్మడికాయ.

ఎండ నడినెత్తికి రాకముందే, మిథిలకు పోయే దారిలో తాత గొంతు ఆగిపోయింది.

ఆయన ఆగలేదు. పెదవులు కదుపుతూనే ఉన్నాడు, ఒక్క చప్పుడు లేదు. కేశవ్ ఆయన నోటి వైపే చూస్తున్నాడు. చూసి, తనూ చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు. వెనక ఉన్న పిల్లలందరూ కూడా అంతే. మహా భక్తిగా, తాళం తప్పకుండా, ఒక్క మాట వినపడకుండా దీపం చుట్టూ తిరుగుతున్నారు.

పెద్దన్న మద్దెల మాత్రం మోగుతోంది. గోడకు ఆనుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పాట తెగిందా?" అంది ఒకామె.

"మద్దెల మోగుతుంటే తెగినట్టు కాదు," అన్నాడు పెద్దన్న. అది శాస్త్రమో, అప్పుడే పుట్టించాడో ఆయనకే తెలియాలి. నుదుటి మీద చెమట కారి కంట్లో పడుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి తీయడం లేదు.

పక్కగదిలోంచి వీరాస్వామి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన తాత మొహం చూశాడు. తాత నేల చూశాడు.

అప్పుడు వంటింట్లోంచి పాట వచ్చింది. చెల్లమ్మ గొంతు. వద్దన్నా ఆగలేదు. ఎందుకు పాడావమ్మా అని తరువాత నేను అడిగితే, "చప్పుడు లేకపోతే భయమేసింది," అంది. రాగం మొదలవగానే తాత దీపం వైపు చూశాడట. మంగళమేనేమో అనుకున్నాడు. కాదు, ఉయ్యాల పాట. రాముడు ఎప్పుడో పెద్దవాడై విల్లు పట్టుకున్నాక మళ్ళీ తొట్లో వేసి ఊపింది మా అమ్మ. వరస తప్పింది. కానీ కేశవ్‌కు, మిగతావాళ్ళకు వరసతో పనేముంది? విన్నారు, అన్నారు. పాట నిలబడింది.

తాత అమ్మమ్మ వైపు చెయ్యి ఊపాడు. వంటింటికీ నడింటికీ మధ్య గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. ఆడపిల్లలకు ఆయన కనపడడు. ఆయనకు గొంతు లేదు. విల్లు విరిచినట్టు రెండు చేతులూ విరిచి చూపించాడు. అమ్మమ్మ లోపలికి తిరిగింది గానీ పాట చెప్పలేదు. చెప్పడం ఆమెకు అలవాటు లేదు. అలవాటైనదే చేసింది.

"అమ్మాయిలూ, రాముడు మిథిలకు పోతున్నాడు కదే. పోయి ఏం చేశాడు?"

"పెళ్ళి చేసుకున్నాడు," అంది ఒక పిల్ల.

"విల్లు విరవకుండా ఎవరే పిల్లనిచ్చేది?" అంది చెల్లమ్మ.

"ఆలే, కానియ్యి, అయితే విల్లు పాట ఎత్తుకో. పెద్ద చెప్పొచ్చింది!" అంది ఆ పిల్ల.

విల్లు విరిగింది. పెళ్ళి అయింది. కైక అలిగింది. ప్రతి పాట చివరా వంటింట్లో చిన్న పోట్లాట, అమ్మమ్మ "తరువాత?", మళ్ళీ పాట. నడింట్లో మగపిల్లలు దాన్ని పొల్లుపోకుండా అందుకోవడం. తాత మాత్రం ప్రతి పాట మొదట్లోనూ కళ్ళు మూసుకునేవాడు. ఈసారి మంగళమేనా? ఈసారా? అమ్మమ్మదీ అదే భయమట. ఆమె అడగగలదు, వాళ్ళు ఏం జవాబు ఇస్తారో చెప్పలేదు కదా.

అసలు ప్రమాదం సాయంత్రం వచ్చింది. సీతను ఎత్తుకుపోయారు, హనుమంతుడు దూకాడు, ఇంకో పాట మొదలవగానే చూస్తే రాముడు సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు! యుద్ధమంతా ఎగిరిపోయింది. పట్టాభిషేకం తరువాత మిగిలింది మంగళమే. కిటికీలోంచి చూస్తే పొద్దు ఇంకా చెరుకు తోట మీద చాలా పైన ఉంది.

తాత పిచ్చివాడిలా చేతులు ఊపాడు. కోతిలా గోక్కుని చూపించాడు. పెద్దమనుషులు కొందరు గురువుగారికి పూనకం వచ్చిందనుకుని చేతులు జోడించారు. అమ్మమ్మకు అర్థమైంది.

"ఒసే, రావణుడు ఏమయ్యాడే?"

"చచ్చాడు."

"ఎవరు చంపారు? రాముడు ఒక్కడే పోయాడా అంత దూరం?"

వంటింట్లో పిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. తరువాత చెల్లమ్మ గొంతు నీరసంగా వినపడింది: "కోతులతో పోయాడు. ఆ కోతుల పాట మాకొద్దు అమ్మా. వట్టి పేర్లే."

కోతుల పాట అంటే యుద్ధానికి కదిలిన వానరుల పేర్లన్నీ వరసగా చెప్పే పాట. రాగం లేదు, సొగసు లేదు, ఊపిరి తీసుకోవడానికి చోటు లేదు. ఆడపిల్లలు ఎవరూ దాన్ని నేర్చుకోలేదు. ఎవరికి ఇష్టమవుతుంది? తాత మాత్రం మగపిల్లలకు దాన్ని వానల కాలమంతా నూరిపోశాడు. మధ్యలో ఆగితే పేర్లు మరిచిపోతారని, ఆ పాట ఒక్కదాన్నీ ముక్కలు చేయకుండా మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగిన చెప్పి ఒకే బిగిన చెప్పించేవాడు.

"తెలిసినంత చెప్పు," అంది అమ్మమ్మ. ఆ గొంతులో ఏడుపు ఉందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

చెల్లమ్మ తడిక పక్కన విని విని విసిగిపోయిన ఆ మొదటి పేరు విసిరింది. అంతే వచ్చు ఆమెకు.

కేశవ్ ఆ పేరు అన్నాడు. తరువాతి ముక్క కోసం వంటింటి వైపు చూశాడు. ఏమీ రాలేదు. తాత వైపు చూశాడు. తాత రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు. వాడి పెదవులు మాత్రం ఆగలేదు. ఈ పాటలో ఆగడం వాడికి ఎవరూ నేర్పలేదు కదా. రెండో పేరు వచ్చింది, మూడోది వచ్చింది, ఇక బండి కొండ దిగినట్టు కోతులన్నీ ఒకదాని మీద ఒకటి దూకుతూ వచ్చేశాయి. వెనకవాళ్ళు అందుకున్నారు. ఎవరూ ముందు అనకుండా తను అన్నానని కేశవ్‌కు ఆ సాయంత్రం తెలియనే తెలియదు. పాట అయిపోతే మళ్ళీ మొదటి నుంచి పట్టాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి. లంక మీదికి అన్ని కోతులు ఎప్పుడూ పోయి ఉండవు.

పొద్దు చెరుకు వెనక్కి దిగింది. రాముడికి ఇంకోసారి పట్టాభిషేకం చేశారు. ఇప్పుడు మంగళం కావాలి. వంటింట్లోంచి రాలేదు. ఏం పాడినా మంగళం పాడొద్దని పొద్దున్నే ఒకటికి పదిసార్లు బెదిరించారు కదా, ఒక్క పిల్ల నోరు మెదపలేదు.

తాతే ఎత్తుకున్నాడు. అది గొంతు కాదు. తడిసిన తలుపు తీసినప్పటి చప్పుడు. కేశవ్, మిగతా మగపిల్లలు అదే చప్పుడుతో, అదే కీచుతో, చేతులు జోడించి అందుకున్నారు. ఆడపిల్లలు ఉండబట్టలేక లోపల నుంచి సరైన రాగంలో కలిశారు. అంత వికారమైన మంగళం ఏ దేవుడూ విని ఉండడని పెద్దన్న అనేవాడు. హారతి వెలిగింది. మద్దెల ఆగాక పెద్దన్న తన చేతులను నీళ్ళ బిందెలో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ రాత్రి సావిత్రికి జ్వరం తగ్గలేదు. అది కూడా చెప్పాలి. తాత అన్నం పక్కకు నెట్టాడు. పాట ఎక్కడైనా తెగిందా, ఆ పెదవులు కదిపిన కాసేపు లెక్కలోకి వస్తుందా అని అమ్మమ్మను సైగలతో అడుగుతూనే ఉన్నాడు. కొన్ని రోజులకు జ్వరం వదిలింది. మళ్ళీ రాలేదు. వీరాస్వామి ఆసుపత్రికి పోయినప్పుడు కినీన్ గొప్పదనేవాడు, మా ఇంటికి వచ్చినప్పుడు భజన గొప్పదనేవాడు.

గొంతు వచ్చాక తాత పాకలో ఒక పక్క తడిక విప్పి ఆడపిల్లలను కూర్చోబెట్టాడు. మారిపోయాడని అనుకోకండి. మామూలు రోజుల్లో అదే పద్ధతి, అదే బెత్తం. ఆదివారం మాత్రం తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చునేవాడు. ఎవరో ఒకరు పాట ఎత్తుకునేదాకా తీసేవాడు కాదు. తప్పు ఎత్తుకుంటే ఆయన కళ్ళు బయటికి వచ్చేవి, మొహం ఎర్రబడేది, తువ్వాలు మాత్రం అక్కడే ఉండేది. అది ఆయనకు చెరుకు నరకడం కంటే కష్టమని అమ్మమ్మ చెప్పేది. ఆమె కూడా కొంచెం మారింది. కోతుల పాట రాని పిల్లకు గుమ్మడికాయ హల్వా పెట్టేది కాదు.

నేను ఆ పాకలోనూ కూర్చున్నాను, ఆ వంటింట్లోనూ పప్పు ఏరాను, ఎస్టేటు బడిలోనూ మూడో తరగతి చూసి వచ్చాను. ఏ చదువూ పూర్తిగా అంటలేదు. అయినా ఇదంతా రాసి, అరుగు మీద కూర్చున్న తాతకు మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. మంగళం దగ్గర మాత్రం ఒకసారి దగ్గాడు.

"తాతా, నిజం చెప్పు. ఆ రోజు గట్టెక్కించింది నీ చదువా, అమ్మమ్మ చదువా?"

ఆయన కళ్ళు తెరిచి నన్ను పై నుంచి కింద దాకా చూశాడు.

"సావిత్రి బతికింది. పాట ఎవరు ఎత్తుకుంటే నీకెందుకే?"